ముత్యాలమ్మపాలెం కడలిపై ఒక పగలు

పరవాడ అనగానే ఎవరికైనా ముందుగా తోచేవి పొగగొట్టాలు. ఒక్కొక్కటి 500 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లతో నిలిచిన సింహాద్రి విద్యుత్ కేంద్రం, దానికి చేరువలో ఫార్మాసిటీ, ఈశాన్యాన ఉక్కు కర్మాగారం, ఆపైన గంగవరం ఓడరేవు. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా నుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ మండలానికి ఒక సముద్రతీరం కూడా ఉన్నదని, ఆ తీరాన ముత్యాలమ్మపాలెం, తిక్కవానిపాలెం వంటి మత్స్యకార గ్రామాలు తరతరాలుగా ఉన్నాయని చాలామందికి జ్ఞాపకం ఉండదు. ఉద్యోగాల నిమిత్తం ఇక్కడ స్థిరపడిన మా వంటి కుటుంబాల సంగతి చెప్పనే అక్కరలేదు. సముద్రమంటే మాకు ఆదివారం సాయంత్రం ఇసుకలో కూర్చొని వేరుశనగలు తిని తిరిగివచ్చే చోటు. సింహాద్రి కేంద్రం తన యంత్రాలను చల్లార్చుకోవడానికి తోడుకునేది ఆ సముద్రపు నీటినే. మనం మాత్రం ఆ నీటికి వీపు పెట్టి బ్రతుకుతున్నాము.

ఈ ఫిబ్రవరి మాసంలో ఒక ఆదివారం, పిల్లలతో కలిసి ఒక పూట సముద్రం మీద గడపాలని మేము నిశ్చయించుకున్నాము. మా ఇంటికి ఏళ్ళ తరబడి గంపలో చేపలు తెచ్చి ఇచ్చే పెద్దమ్మతో మాట కలిపితే, ఆమె తన భర్త పడవను కుదిర్చింది. బేరం ఆమెతోనే జరిగింది. మత్స్యకార గ్రామాలలో వేట పురుషులది, డబ్బు లెక్క స్త్రీలది. పడవ ఒడ్డు తాకిన క్షణం నుండి చేప వారి చేతిలోనిదే. ధర నిర్ణయించేది, గంప నెత్తిన పెట్టుకొని ఊళ్ళు తిరిగేది, వడ్డీ కట్టేది వారే. పెద్దమ్మ మా వద్ద తీసుకున్నది కూడా గంటల లెక్క కాదు. ఆనాడు వేటకు పోతే ఎంత వచ్చేదో, నూనె ఖర్చు ఎంతో చూసుకొని న్యాయమైన మొత్తం చెప్పింది. లైఫ్ జాకెట్లు పడవలో రెండే ఉన్నాయి. మిగిలిన నాలుగూ మేము ముందురోజే తెచ్చి పెట్టుకున్నాము. పిల్లలతో పడవ ఎక్కదలచిన తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో మొహమాటపడవద్దని మనవి.

బయలుదేరడానికి ముందు ఇంట్లో ఒక చర్చ జరిగింది. తినడానికి కాక కేవలం వినోదానికి ప్రాణిని వేటాడటం మన ధర్మవేత్తలకు సమ్మతం కాదు. ఆకలి తీర్చుకోవడానికి వేట ధర్మసమ్మతమే. మా పెద్దవాడు ఈ మాట పట్టుకొని, "బజారులో చేప దొరుకుతుండగా మనం గాలం వేయడం ఆట కాక మరేమిటి నాన్నా?" అని అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. చివరకు తేలిన ఒప్పందం ఇది: మధ్యాహ్న భోజనానికి ఎన్ని కావాలో అన్నే పట్టాలి, పట్టినవన్నీ తినాలి, చిన్నపిల్లలను (చేపపిల్లలను అని అర్థం) నీటిలోకే వదలాలి. ఈ నిబంధన విని తాత, అంటే పెద్దమ్మ భర్త, గట్టిగా నవ్వాడు. "ముందు పడనియ్యండి బాబూ" అన్నాడు.

తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు ముగించుకొని తీరం చేరేసరికి గాలి మా వీపుల వైపు నుండి, నేల మీద నుండి కడలి మీదకు వీస్తూ ఉంది. చలికాలపు ఉదయాలలో ఈ తీరం పొడవునా ఇదే తీరు. రాత్రంతా నేల చల్లబడి, నీరు వెచ్చగా మిగిలి, గాలి నేలనుండి నీటికి నడుస్తుంది. పొద్దెక్కిన కొద్దీ నేల వేడెక్కగా ఆ నడక తిరగబడుతుంది. తాత దీనిని ఒక్క మాటలో చెప్పాడు: "పది గంటల దాకా గాలి మనది. ఆ తరవాత సంద్రంది." మోటార్లు లేని కాలంలో మత్స్యకారుల దినచర్య అంతా ఈ రెండు గాలుల నడుమే ఇమిడి ఉండేది. నేలగాలితో పోవడం, కడలిగాలితో రావడం. ఏ గడియారమూ అవసరం లేని ఏర్పాటు.

తాత తండ్రి నడిపినది తెప్ప. తేలికపాటి దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్ళతో కట్టినది. మేకు ఉండదు, అంచులు ఉండవు, మునగడానికి లోపలి డొల్ల ఉండదు. అల పైనుండి వచ్చి కిందికి కారిపోతుంది. వేట ముగిశాక తాళ్ళు విప్పి దుంగలను ఇసుక మీద ఆరబెట్టేవారు. ఇప్పుడు ఒడ్డున ఉన్నవన్నీ ఫైబర్ పడవలే. మేము ఎక్కినదీ అదే. వెనుక చిన్న మోటారు, అడుగున ఒక తెరచాప చుట్టి పడి ఉంది. ముగ్గురు మనుషులు భుజాలు ఆనించి దానిని అలలలోకి నెట్టారు. తాత గంగమ్మను తలచుకున్నాడు, మేము బిస్మిల్లాహ్ అన్నాము. మూడవ అల దాటేవరకు మా చిన్నది మా చేయి వదలలేదు.

అలల గీత దాటాక సముద్రం మరొక సముద్రం. మోటారు ఆపగానే ఆ నిశ్శబ్దం చెవులకు కొత్తగా తోచింది. పడవ గాలితో మెల్లగా జరుగుతూ ఉంది. ఒకచోట నీటిపై బోర్లించిన మూకుడు వంటిది తేలుతూ కనిపించి, మేము సమీపించేసరికి తల ఎత్తి చూసి మునిగిపోయింది. తాబేలు. ఈ నెలలలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. పిల్లలు ఆ తరువాత అరగంట సేపు ప్రతి కెరటంలోనూ తాబేలునే చూశారు.

మేము ఎక్కడ ఉన్నామో తాతకు ఎలా తెలుసునని అడిగితే, ఆయన ఒడ్డు వైపు చేయి చూపించాడు. అక్కడి నుండి చూస్తే ఊళ్ళు కనిపించవు. కనిపించేవి కొండలు, తాళ్ళ వరుసలు, పొగగొట్టాలు. ఒక పొగగొట్టం దాని వెనుకనున్న కొండ నెత్తిన సరిగ్గా నిలబడాలి. అదే సమయంలో కుడివైపున మరొక కొండ కొన, దాని ముందున్న తాడిచెట్ల గుంపుతో ఒక వరుసలోకి రావాలి. ఆ రెండు గీతలూ కలిసే చోట నీటి కింద రాయి ఉంది. రాయి ఉన్నచోట చేప ఉంటుంది. తండ్రి నేర్పిన గుర్తులలో పొగగొట్టం లేదు, అది తాను చేర్చుకున్నది. విద్యుత్ కేంద్రం కట్టినవారికి తాము సముద్రంలోని ఒక రాతికి చిరునామా కూడా కట్టామని తెలిసి ఉండదు. ఆయన తాడు వదిలి లోతు చూశాడు. "పదిహేను బారలు" అన్నాడు. రెండు చేతులూ చాచిన కొలత బార.

చేతిగాలం అంటే కర్ర ఏమీ ఉండదు. ఒక చెక్కముక్కకు చుట్టిన నైలాను తాడు, చివర సీసపు గుండు, దానికి పైన జానెడు దూరాలలో కొక్కేలు. కొన్ని కొక్కేలకు ఎర లేదు, మెరిసే దారపు పోగులు మాత్రమే ఉన్నాయి. గుంపులుగా తిరిగే చేప ఆ మెరుపును చూసి చిన్న చేపపిల్ల అనుకొని నోరు తెరుస్తుందట. స్కాట్లాండ్ పడమటి తీరాన, హెబ్రిడీస్ దీవుల మధ్య వేసవి సెలవులలో తెరచాప పడవలపై షికారు చేసేవారు కూడా ఇదే పని చేస్తారు. అక్కడ కొక్కేలకు పక్షి ఈకలు కడతారు. వారికి పడేది, సాయంత్రం వేయించుకొని తినేది మాకెరల్ అనే చేప. ముత్యాలమ్మపాలెం ఎదుట మాకు మొదట పడినది దాని దాయాదే: కానాగంత. కొందరు కానాగర్త అంటారు. నీలిపచ్చని వీపు, వెండి పొట్ట, వీపుపై చుక్కల వరుస. తాడు మీద ఒకేసారి మూడు వేలాడుతూ పైకి వచ్చాయి. పిల్లల కేకలకు మిగిలిన గుంపు పారిపోయి ఉంటుంది.

ఈ కానాగంతకు ఒక చరిత్ర ఉంది. మన పత్రిక పాఠకులకు అది రెండు విధాలుగా దగ్గరిది కనుక కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు ఉండేవాడు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో వాడు. 1750లో తన అన్న అలెగ్జాండర్ వద్దకు సిరియా దేశపు అలెప్పో నగరం చేరాడు. అరబ్బులు హలబ్ అని పిలిచే ఆ నగరంలో అన్నదమ్ములిద్దరూ ఆంగ్ల వర్తకుల వైద్యులుగా పనిచేశారు. అన్న వెళ్ళిపోయిన తరువాత పాట్రిక్ 1753 నుండి ఆ పదవిలో ఉండి, దాదాపు రెండు దశాబ్దాలు హలబ్‌లోనే గడిపాడు. అక్కడ ప్లేగు చెలరేగిన సంవత్సరాలలో రోగులను చూసి, ఆ అనుభవంతో తరువాత పెద్ద గ్రంథమే వ్రాశాడు. హలబ్ ప్రజల వంటలు, వేషభాషలు, మొక్కలు, జంతువుల గురించి అన్న వ్రాసిన పుస్తకాన్ని 1794లో తాను విస్తరించి మళ్ళీ వెలువరించాడు.

ఆ మనిషి 1781లో, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న తమ్ముడు క్లాడ్ వెంట మన విశాఖపట్నం వచ్చాడు. 1785లో కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించింది. పాములను సేకరించాడు, రక్తపింజరిని ఆంగ్లంలో నేటికీ రసెల్ పేరుతోనే పిలుస్తారు. అయితే మాకు ముఖ్యమైనది ఆయన చేపల గ్రంథం. 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడిన ఆ గ్రంథంలో, విశాఖ తీరాన సేకరించిన రెండు వందల చేపల వర్ణనలూ చిత్రాలూ ఉన్నాయి. హలబ్‌లో స్థానికుల మాటను శ్రద్ధగా విన్న అలవాటు ఇక్కడా పోలేదు కాబోలు, ప్రతి చేపకూ ఒడ్డున జాలరులు చెప్పిన పేరునే ఆంగ్ల లిపిలో వ్రాసుకున్నాడు. చందువ, పార, సొర, టెంకి వంటి మన మాటలు కొంచెం వంకరగా ఆ పుటలలో కనిపిస్తాయి.

ఆ పుస్తకం ఫ్రాన్సు చేరింది. అక్కడి మహా జంతుశాస్త్రవేత్త క్యువియే 1816లో ఈ చేపకు శాస్త్రనామం పెట్టేటప్పుడు, రసెల్ వ్రాసిన "కనగుర్త" అనే మాటనే స్థిరపరచాడు. నేడు ప్రపంచమంతటా ఈ చేప పేరు రాస్ట్రెల్లిజర్ కనగుర్త. ఎర్రసముద్రంలో పట్టినా, ఇండోనేషియాలో పట్టినా, శాస్త్రజ్ఞుడు దానిని తెలుగు మాటతోనే పిలవాలి. తోలుపార అనే చేప శాస్త్రనామంలోనూ "టోల్" అని మన తోలు మిగిలి ఉంది.

గ్రంథం ముఖపత్రం మీద రసెల్ పేరు ఉంది. శాస్త్రనామం పక్కన బ్రాకెట్‌లో క్యువియే పేరు ఉంటుంది, అది నియమం. తెల్లవారి ఇసుక మీద చేపను తిప్పి చూపించి, "ఇది కానాగుర్త దొరా" అని చెప్పిన మనిషి పేరు ఎక్కడా లేదు. ఆ మాట లేకపోతే ఆ పేరు లేదు. రసెల్‌ను మేము తప్పుపట్టడం లేదు. ఆ మాటను ఉన్నది ఉన్నట్టు దాచినవాడు ఆయనే. ఆ కాలంలో ఎందరో తమ ప్రభువుల పేర్లో, మిత్రుల పేర్లో తగిలించి ఊరుకున్నారు.

ఇదంతా మేము పడవలో తాతకు చెప్పాము. ఆయన గాలం తాడు వేలి మీద వేసుకొని విన్నాడు. "పేరు మాదే ఉంచినారా? మంచిదే" అన్నాడు. కొంతసేపటికి, "చేప మాత్రం మాకాడ ఉంచలేదు" అన్నాడు.

ఆ మాట నుండి ఆయన చెప్పుకొచ్చిన విషయాలు షికారుకు వచ్చినవారికి వినసొంపుగా ఉండవు. తండ్రి కాలంలో తెప్ప మీద ఒడ్డు కనిపించేంత దూరంలోనే వేట సాగేది, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారు. ఇప్పుడు ఆ నీటిలో తిండికి చాలేది దొరికితే అదృష్టం. అమ్మకానికి కావాలంటే నూనె తగులబెట్టుకొని చాలా లోపలికి పోవాలి. కారణాలు ఆయన దృష్టిలో రెండు. పరిశ్రమల నుండి గొట్టాల ద్వారా కడలిలోకి వచ్చే నీరు మొదటిది. అది శుద్ధి చేసిన నీరేనని అధికారులు అంటారు, వాసన వచ్చిన రోజు చేప ఆ దరికి రాదని ఆయన అంటాడు. రెండవది పెద్ద మరపడవలు. మన రాష్ట్ర చట్టం ప్రకారం తీరం నుండి 8 కిలోమీటర్ల మేర సంప్రదాయ పడవలకే ప్రత్యేకం. చీకటిలో ఆ గీతను ఎవరు చూస్తారని ఆయన ప్రశ్న. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సాగే వేట నిషేధం మంచిదేనని ఒప్పుకుంటాడు. చేప గుడ్డు పెట్టే కాలం తనకు తెలియనిది కాదు. ఆయన ఇద్దరు కొడుకులలో ఒకడు కర్మాగారంలో కాంట్రాక్టు పని చేస్తున్నాడు. రెండవవాడు గుజరాత్‌లోని వెరావల్ రేవులో పెద్ద పడవల మీద కూలికి పోతాడు. ఉత్తరాంధ్ర తీరంలోని ఎన్నో ఇళ్ళలో ఇదే కథ. మన సముద్రంలో చేప తగ్గితే మన బిడ్డలు ఇతరుల సముద్రానికి పోతారు.

సంభాషణ బరువెక్కినప్పుడు మమ్మల్ని తేలికపరచినది ఒక పీత. ఎర పట్టుకొని వదలకుండా పైదాకా వచ్చింది. పడవలోని మరొక కుర్రవాడు దానిని పులుసుకు దాచబోగా, పీత మాకు వద్దని చెప్పవలసి వచ్చింది. హనఫీ సంప్రదాయంలో జలచరాలలో చేప ఒక్కటే ధర్మసమ్మతం. మరి రొయ్యో? అని కుర్రవాడు వెంటనే అడిగాడు. రొయ్య చేపయా కాదా అన్న విషయంపై హనఫీ పండితులే రెండుగా చీలి ఉన్నారు, మా ఇంట్లో కూడా అదే చీలిక: తల్లి తింటుంది, తండ్రి తినడు. "అయితే అమ్మగారికే ఇస్తాను" అని అతడు ఎరకు తెచ్చిన రొయ్యల డబ్బా చూపించాడు.

పది దాటాక తాత చెప్పినట్టే గాలి ఒక్క క్షణం ఆగి, ఎదురు దిక్కు నుండి మొదలైంది. మోటారు వేయలేదు. చుట్టి ఉన్న తెరచాప విప్పి వెదురుకు కట్టారు. ఎన్నో అతుకులున్న గుడ్డ అది. గాలి నిండగానే పడవ ఒక పక్కకు ఒరిగి, శబ్దం లేకుండా ఒడ్డువైపు నడిచింది. ఆ గంటసేపు ఎవరమూ పెద్దగా మాట్లాడలేదు. నీరు పడవ పక్కను రాసుకుంటూ పోతూ ఉంది, పిల్లలలో ఒకడు నిద్రపోయాడు. సముద్రంపై పోయే కొందరు తమ వెంట మంచినీరు కొద్దిగానే ఉంటుందని, కడలి నీటితో వుజూ చేయవచ్చునా అని దైవప్రవక్త (స) వారిని అడిగినట్టు, దాని నీరు పరిశుద్ధమైనదని ఆయన సెలవిచ్చినట్టు హదీసులలో ఉంది. ఎన్నోసార్లు చదివిన విషయమే. అడిగినవారు ఇటువంటి పడవలో కూర్చున్నవారని ఆనాడే మనసుకు తట్టింది.

ఒడ్డున లెక్క చూస్తే పదకొండు కానాగంతలు, నాలుగు గులివిందలు, ఒక చిన్న పార. ఒప్పందం ప్రకారం నీటిలోకి వదిలినవి ఆరు. జుహర్ నమాజు ముగించేసరికి పెద్దమ్మ ఇంటి వసారాలో చింతపండు పులుసు ఉడుకుతూ ఉంది. చేపకు జబహ్ అవసరం లేదు కనుక, ఎవరి ఇంట, ఎవరి చేతి వంట అన్న సంకోచం లేకుండా మన బిడ్డలు పొరుగువారి కంచంలో కూర్చోగల భోజనాలలో చేప ముందుంటుంది. పెద్దమ్మ అయినా జాగ్రత్తపడి కొత్త మట్టికుండలోనే వండింది. పిల్లలు పులుసులో మునిగి ముల్లు తీయడం నేర్చుకున్నారు. కానాగంతకు నడిమి ముల్లు ఒక్కటి జాగ్రత్తగా లాగితే చాలు, చిన్న ముళ్ళ బాధ తక్కువ. చేప అంటే మొహం తిప్పుకునే పిల్లలున్న ఇళ్ళలో దీనితో మొదలుపెట్టవచ్చు. ధరలోనూ చందువ, వంజరాలకు దూరంగా, అందుబాటులో ఉంటుంది.

భోజనం తరువాత మా పెద్దవాడు నోటు పుస్తకం తీశాడు. రసెల్ కథ వాడికి బాగా పట్టినట్టుంది. తాతకు తెలిసిన చేపల పేర్లన్నీ చెప్పమన్నాడు. తాత చెబుతూ పోయాడు, పెద్దమ్మ మధ్యలో దిద్దుతూ పోయింది. ఒకే చేపకు చిన్నప్పుడు ఒక పేరు, పెద్దయ్యాక మరొక పేరు ఉన్నచోట ఇద్దరికీ కొంత వాదన కూడా నడిచింది. అరవై రెండు పేర్లు వచ్చాయి. పైన ఏమి వ్రాయాలని వాడు అడిగితే, చెప్పినవారి పేర్లు, ఊరు, తేదీ వ్రాయమన్నాము. వ్రాశాడు. తరువాత తాత పుస్తకం తన వైపు తిప్పించుకొని, చదువు రాదు కనుక ఒక్కొక్క పేరూ వాడిచేత చదివించుకుంటూ, కొన్నింటి దగ్గర ఆపించి, "ఇది ఈ మధ్య మా నీళ్ళల్లో కనబళ్ళేదు. గురుతెట్టు" అన్నాడు. పద్నాలుగు పేర్ల పక్కన చుక్కలు పడ్డాయి. దొరకని చేపల పేర్లు కొట్టివేయాలా అని మా చిన్నది అడిగింది. పెద్దమ్మ గంప సర్దుకుంటూ, కొట్టెయ్యొద్దని, వచ్చే శీతాకాలం పుస్తకం పట్టుకొని మళ్ళీ రమ్మని చెప్పింది.